రాజకీయ పలుకుబడికి బహిరంగ లేఖ

రాజకీయ పలుకుబడీ,

విదేశాల్లో పనులు చేపట్టే మా రవాణా కంపెనీల వెంట పడటం ఇకనైనా మానుకోమని అడగడానికే ఈ ఉత్తరం. సబ్బులమ్మే కంపెనీకి ఒక దేశం నచ్చకపోతే సరుకు సర్దుకుని వచ్చేస్తుంది. రన్‌వే కట్టినవాడు దాన్ని మూటగట్టుకుని రాలేడు. వాడికి పరాయి దేశపు నేల కావాలి, అక్కడి ప్రభుత్వం సంతకం కావాలి, పాతిక ముప్పై ఏళ్ల గడువు కావాలి. అందుకే నువ్వు ముందుగా వాళ్ల దగ్గరికే చేరతావు.

మాలెలో నువ్వు చేసింది చూడు. ఉత్తరాంధ్రలోని రాజాం నుంచి ఎదిగిన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థ, 2010లో మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి మాల్దీవుల ప్రధాన విమానాశ్రయాన్ని 25 ఏళ్లు నడిపే హక్కు గెలుచుకుంది. ప్రాజెక్టు విలువ సుమారు 50 కోట్ల డాలర్లు. టెండరు పిలిచి, ప్రపంచ బ్యాంకు బృందంలోని ఐఎఫ్‌సీ సలహాతో జరిపిన ఎంపిక అది. హుల్హులే దీవిలోని ఆ విమానాశ్రయమే, పర్యాటకుల మీద బతికే ఆ దేశానికి వీధి గుమ్మం. అయినా ఆ ఒప్పందం అప్పటి అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ సొంత వ్యవహారమన్న ముద్ర పడిపోయింది.

గొడవ 25 డాలర్ల దగ్గర రాజుకుంది. దేశం దాటే ప్రతి ప్రయాణికుడి దగ్గరా అభివృద్ధి రుసుము 25 డాలర్లు, బీమా పేరిట మరో 2 డాలర్లు తీసుకోవాలన్నది ఏర్పాటు. ప్రతిపక్ష పార్టీ ఒకటి కోర్టుకెక్కింది. పార్లమెంటు ఆమోదం లేకుండా అలా వసూలు చేయడం కుదరదని 2011 డిసెంబరులో మాలె సివిల్ కోర్టు తేల్చింది. అప్పుడు నషీద్ ప్రభుత్వం పార్లమెంటును ఒప్పించే దారి పట్టలేదు. ఆ నష్టాన్ని సర్కారుకు కట్టాల్సిన వాటాలోంచి మినహాయించుకోమంది, కంపెనీ మినహాయించుకుంది. నేను నిన్ను తప్పుపట్టేది సరిగ్గా ఇక్కడే. ప్రభుత్వం మనదేగా అన్న భరోసా నువ్వు కలిగించేదే. ఆ ప్రభుత్వం 2012 ఫిబ్రవరిలో పోయింది. తర్వాత వచ్చినవాళ్లకు కనిపించింది చిక్కిపోయిన వాటా ఒక్కటే.

ఆ ఏడాది నవంబరు 27న ఒప్పందం చెల్లదని ప్రకటించి, ఖాళీ చేయడానికి ఏడు రోజులు గడువిచ్చారు. కంపెనీ ఆశ్రయించిన సింగపూర్ హైకోర్టు ఆపమంది. అక్కడి అప్పీలు కోర్టు డిసెంబరు 6న ఆ ఉత్తర్వును కొట్టేసింది. మర్నాటి అర్ధరాత్రికల్లా విమానాశ్రయం చేతులు మారింది. 2014లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ఒప్పందం చెల్లుతుందనీ, రద్దు చేయడమే తప్పనీ చెప్పింది. 2016లో మాల్దీవులు దాదాపు 27 కోట్ల డాలర్ల పరిహారం కట్టింది. అప్పటికి జనాభా ఐదు లక్షలు కూడా లేని దేశం! తలకు ఐదు వందల డాలర్ల పైమాటే. అంత కట్టింది చేపలు పట్టేవాళ్లు, హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లు ఉన్న దేశపు ఖజానా. అధ్యక్షుడు యమీన్ హయాంలో అక్కడి కొత్త రన్‌వే పని చైనా సంస్థకు దక్కింది. నువ్వు వెళ్లిపోలేదు, పక్షం మార్చావు.

నైరోబీలోనూ ఇదే వరస. జోమో కెన్యాట్టా విమానాశ్రయాన్ని 30 ఏళ్లు అదానీ చేతికిచ్చే ప్రతిపాదన సంగతి 2024లో జనానికి లీకుల ద్వారా తెలిసింది. సెప్టెంబరులో సిబ్బంది సమ్మెకు దిగారు. అమెరికాలో అదానీ మీద కేసు బయటపడిన మర్నాడే, నవంబరు 21న, కెన్యా అధ్యక్షుడు రూటో పార్లమెంటులో రద్దు ప్రకటించారు.

మా గడ్డ మీదా నువ్వు అంతే. శంషాబాద్ సహా తొమ్మిది విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ అప్పట్లో చూస్తున్న టర్కీ సంస్థ సెలెబికి ఇచ్చిన భద్రతా అనుమతిని 2025 మే 15న కేంద్రం రద్దు చేసింది. టర్కీ పాకిస్తాన్ పక్షాన మాట్లాడిన రోజులవి. జీఎంఆర్ నడిపే ఢిల్లీ విమానాశ్రయమూ ఆ సంస్థతో ఒప్పందాలు తెంచుకుంది. మాలెలో ఏడు రోజులైనా ఇచ్చారు, ఇక్కడ ఆ గడువూ లేదు. భద్రత విషయంలో దేశానికి ఆ హక్కు ఉంది, దాన్ని నేను కాదనను. కానీ బ్యాగులెక్కించే, ట్రాలీలు తోసే వేలమంది మనవాళ్లే. అంకారా, ఢిల్లీల మధ్య మాట చెడితే వాళ్ల యజమాని రాత్రికి రాత్రి మారిపోయాడు.

రెండు దేశాల స్నేహం వద్దని నేననను. ప్రధానుల పర్యటనలో ఫొటోల ముందు జరిగే సంతకంతో పని అయిపోయిందనుకోవడమే వద్దు. ఒప్పందం అక్కడి పార్లమెంటు ముందుకు, ప్రతిపక్షం ముందుకు, కార్మిక సంఘాల ముందుకు వెళ్లాలి. ప్రయాణికుడు కట్టాల్సిన ప్రతి డాలరూ మొదటి రోజే బయటపెట్టాలి. ఆలస్యమైతే అవనీ.

ఈ ఉత్తరం చదివేవాళ్లలో ఇలాంటి కంపెనీల షేర్లున్నవాళ్లు చాలామందే ఉంటారు. వార్షిక సమావేశంలో లేచి నిలబడి అడగండి: అక్కడ ప్రభుత్వం మారితే ఈ ఒప్పందం నిలుస్తుందా?

ఇట్లు,
ఒక తెలుగు ప్రయాణికుడు