ఒక్క బీప్ చాలేది

గురువారం రాత్రి భోజనానికి కూర్చోబోతుంటే పక్క బిల్డింగ్ కుర్రాడు వచ్చాడు. కడప వాళ్లబ్బాయి, ఒమాన్‌లో మేముండే అల్ ఖౌద్‌కు దగ్గర్లోనే రుసైల్‌లో ఉద్యోగం. "అంకుల్, సిస్టమ్ ఆన్ అవుతోంది గానీ డిస్‌ప్లే రావట్లేదు. షాపుకు తీసుకెళితే మదర్‌బోర్డు పోయిందన్నారు. కొత్తదానికి 70 రియాల్లట" అన్నాడు. ఎంతసేపు చూశారని అడిగాను. అయిదు నిమిషాలట. పక్క డోర్ తీసి, ఫ్యాన్లు తిరుగుతున్నాయని చూసి, మళ్లీ మూసేశారట. నాకు అన్నం సయించలేదు.

మా రోజుల్లో అయిదు నిమిషాల్లో బోర్డు పోయిందని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. 1990ల చివర్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. మిషన్ ఆన్ చేసి చెవి పెట్టకముందే స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మా సీనియర్ చేతి మీద ఒక్కటి వేసేవాడు. కంప్యూటర్ ఆన్ కాగానే తన్ను తాను పరీక్ష చేసుకుంటుంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చిన నాటి నుంచీ ఉన్న పద్ధతే ఇది. ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే కార్డు అన్నీ చూసుకుని ఒక్క చిన్న బీప్ ఇస్తే అంతా బాగున్నట్టు. తెర వెలగకముందు అది మాట్లాడాలంటే రూపాయి బిళ్లంత స్పీకరే దిక్కు. ఈ పరీక్ష నడిపేది బోర్డులోని బయోస్ ప్రోగ్రాం. అవార్డ్ కంపెనీ బయోస్‌లో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వస్తే డిస్‌ప్లే కార్డు. ఆగకుండా పొడుగ్గా కూస్తే మెమరీ. ఏఎంఐ బయోస్‌లో ఎనిమిది పొట్టి కూతలంటే డిస్‌ప్లే కార్డు మీది మెమరీ. ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. కస్టమర్ ఫోన్ చేస్తే, "రిసీవర్ కంప్యూటర్ దగ్గర పెట్టి ఆన్ చేయండి సార్" అనేవాళ్లం. ఏ కార్డు సంచీలో వేసుకుని బయల్దేరాలో అక్కడే తేలిపోయేది.

ఇప్పుడా స్పీకర్ ఏది? చాలామటుకు కేబినెట్‌తో ఇవ్వరు, బోర్డుతో ఇవ్వరు. పావలా వస్తువు మిగిలిందని సంతోషం కాబోలు. దాని బదులు చాలా బోర్డుల మీద నాలుగు చిన్న లైట్లు పెట్టారు. ప్రాసెసర్‌కొకటి, మెమరీకొకటి, డిస్‌ప్లేకొకటి, బూట్‌కొకటి. మంచిదే, కాదనను. కానీ గాజు తలుపు వెనక ఫ్యాన్ల నిండా రంగురంగుల దీపాలు తిరుగుతుంటే, మూలన ఆవగింజంత లైటు వెలుగుతోందని ఎవరు గమనిస్తారు? ఈ కుర్రాడికి అలాంటివి ఉన్నాయనే తెలియదు. మరి షాపులో కూర్చున్నవాళ్లకైనా తెలియాలి కదా!

అన్నం పక్కన పెట్టి పనిముట్ల రేకు డబ్బా తీసుకుని వెళ్లాను. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కితే లైటు మారలేదు. మారి ఉంటే మిషన్ లోపల బాగానే నడుస్తోంది, తెర మీదకే బొమ్మ రావట్లేదని అర్థం. వెనకటి పెద్ద గాజు మానిటర్లకైతే ముంజేయి తెర దగ్గర పెట్టేవాళ్లం. వెంట్రుకలు సుయ్యిమని నిక్కబొడుచుకుంటే ట్యూబు బతికే ఉన్నట్టు. ఈ పల్చటి పలకల్లో ఆ సుఖం లేదు. నో సిగ్నల్ అని రాసి నిద్రపోతాయి.

కేబుల్ ఎక్కడ పెట్టాడో చూశాను. సరిగ్గా కార్డుకే పెట్టాడు. ఇది చెప్పుకోవాల్సిన సంగతే. కార్డు వేరే ఉన్నా హెచ్‌డీఎంఐ వైరు తీసుకెళ్లి బోర్డుకు గుచ్చి, డిస్‌ప్లే రాలేదనే పిల్లలు ఎంతమందో. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే అందులో డిస్‌ప్లే ఇచ్చే భాగమే ఉండదు. బోర్డుకు ఎన్ని వైర్లు గుచ్చినా బొమ్మ రాదు. డీడీఆర్5 మెమరీ కొత్తగా వేస్తే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, అది మెమరీని సర్దుకుంటున్న సమయం. కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇవేవీ అమ్మేటప్పుడు చెప్పరు.

బోర్డు అంచున స్పీకర్ పిన్నులు నాలుగూ అలాగే ఉన్నాయి. నా డబ్బాలోంచి పాత స్పీకర్ తీసి గుచ్చాను, ఎరుపు వైరొకటి, నలుపు వైరొకటి. ఆన్ చేయగానే ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. కాసేపాగి మళ్లీ అవే. మళ్లీ అవే. కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. చచ్చిపోయిందన్న బోర్డు అది! ఇన్నాళ్లూ అరుస్తూనే ఉంది, నోరు లేక ఎవరికీ వినపడలేదు.

మా అవార్డ్ లెక్కన ఇది డిస్‌ప్లే కార్డు గోల. అయినా తొందరపడకుండా బోర్డుతో వచ్చిన పుస్తకం అడిగాను. అట్టపెట్టెలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఉంది. తీసి చూస్తే ఈ బోర్డులో ఆ కూతకు అర్థం మెమరీ కనపడట్లేదని. కూత అదే, అర్థం మారింది. అందుకే పుస్తకం చదవమనేది.

"ఊరెళ్లి వచ్చావా నాన్నా?" అన్నాను. జులై, ఆగస్టు రెండు నెలలూ ఇల్లు తాళం వేసి ఉందట. ఏసీ లేదు. అల్ ఖౌద్‌కు సముద్రం ఎంతో దూరం కాదు, ఎండాకాలం రాత్రి కిటికీ అద్దాలు బయటివైపు చెమర్చి నీళ్లు కారే ఊరు. పైన సన్నని దుమ్ము. వైరు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, కేబినెట్ ఇనుము ముట్టుకుని, అప్పుడు మెమరీ కడ్డీ తీశాను. బంగారు పళ్ల మీద పల్చని మకిలి. నటరాజ్ రబ్బరుతో ఒకే వైపుగా, మెత్తగా, పన్నుకు దెబ్బ తగలకుండా తుడిచాను. గట్టిగా రుద్దితే పూత పోతుంది. స్లాటులో దుమ్ము పెయింట్ బ్రష్షుతో దులిపాను. కడ్డీ పెట్టి రెండు చివర్లా బొటనవేళ్లతో నొక్కితే టక్కుమని క్లిప్పు పడింది.

ఆన్ చేశాను. చిన్న బీప్ ఒక్కటి. తెర మీద బొమ్మ.

నిజంగా బోర్డు పోవడమంటే ఏమిటో మేం చూశాం. 2000 తర్వాత కొన్నేళ్లు కెపాసిటర్ల రోగం వచ్చింది. తల చదునుగా ఉండాల్సిన డబ్బీలు పూరీల్లా పొంగి, నెత్తిన గోధుమరంగు జిగురు కారేది. అప్పుడు కూడా బోర్డు పారేయలేదు. ఒక్కో డబ్బీ ఊడదీసి, ప్లస్సూ మైనస్సూ చూసుకుని కొత్తవి టంకం వేశాం. ఇప్పటి బోర్డులు సన్నపనివి, అన్నీ ఇంట్లో బాగుపడవని ఒప్పుకుంటాను. కానీ రబ్బరు తుడుపుతో పోయేదానికి 70 రియాల్లా? అది ఆ కుర్రాడు నెలంతా తిండికి పెట్టుకునే డబ్బు.

స్పీకర్ అతని కేబినెట్‌లోనే ఉంచి వచ్చాను. మర్నాడు పొద్దున నడకకు వెళుతుంటే యూనివర్సిటీ పిల్లలుండే ఫ్లాట్ల ముందు, చెత్త తొట్టి పక్కన నల్ల కేబినెట్ ఒకటి కనపడింది. పక్క డోర్ లేదు. వంగి చూశాను. మెమరీ కడ్డీ ఒక చివర క్లిప్పు పడలేదు, గోరుమందం పైకి లేచి ఉంది.