గట్టిగా బాబాయిగారు

మా అపార్టుమెంటు మూడో అంతస్తు బాబాయిగారు తన చేత్తో బరువెత్తిన దాఖలా లేదు. ఆయన లేకుండా మాత్రం ఇక్కడ ఏ బరువూ లేవదు. మొన్న మా బీరువా లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా మోశాం. నలుగురం. తాడు అరచేతుల్ని కోసేస్తోంది. మలుపులో బీరువా కాలు గోడకి తగులుకుంది. పై మెట్టు మీద బాబాయిగారు, ఒక చేత్తో పంచె అంచు, ఇంకో చేత్తో కాఫీ గ్లాసు.

"గట్టిగా పట్టండర్రా!"

పట్టాం.

"అలా కాదర్రా, గట్టిగా!"

మూడోసారి ఆయన అరిచిన అరుపుకి కాఫీ తొణికి నా మెడ మీద పడింది. నేను ఎగిరిపడ్డాను, బీరువా కదిలింది. ఆ ఘనత ఈనాటికీ ఆయన ఖాతాలోనే ఉంది.

ఏ రోగానికైనా ఆయన దగ్గర ఈ ఒక్క మాత్రే. ట్యాంకరువాణ్ణి గట్టిగా అడగాలి. కుళాయి గట్టిగా తిప్పాలి. అలా తిప్పీ తిప్పీ మరలు పోయాయి. పిల్లలు గట్టిగా చదవాలి. బుద్ధి పెట్టమనో గొంతు పెంచమనో తెలియక, ఎదురింటి కుర్రాడు రెండోదే ఖాయం చేసుకుని తెల్లారుజామున నాలుగింటికే అందర్నీ లేపుతున్నాడు.

కింది వాటాలో రిటైరైన తెలుగు మాస్టారు ఉండబట్టలేక ఓరోజు చెప్పారు: "ఆ 'గా' అనేది 'అగు' ధాతువులోంచి వచ్చిందండీ. అంటే ముందు మనం గట్టి అయి, ఆ తరవాత పనిలోకి దిగాలి."

బాబాయిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "కాస్త గట్టిగా చెప్పండి మాస్టారూ, వినబళ్లేదు."

ఈ మాటలో ఇంకో తమాషా ఉంది. అంకె పక్కన నిలబడిందా, ఉన్న బలమంతా జారిపోతుంది. పెళ్లికి గట్టిగా ఇరవైమంది రాలేదంటే, ఇరవైకి కూడా దిక్కులేదని. ఈ సంగతి బాబాయిగారికి తెలీదనుకున్నాను, వినాయకచవితి చందాల దాకా.

"ఈసారి మీరు గట్టిగా రాయాలి బాబాయిగారూ!" అని పిల్లలు పుస్తకం చాపారు.

"రాస్తానర్రా. అయినా మా ఇంట్లో ఎంతమందిమిరా? గట్టిగా ఇద్దరం లేం, మీ పిన్ని ఊరెళ్లింది. నేను గట్టిగా నాలుగు ఉండ్రాళ్లు తినను."

నూటపదహార్లు రాశారు. పెన్ను మాత్రం కింద మూడు పేజీల దాకా అచ్చు పడేలా నొక్కారు.