గెలిచావ్ పో!

పద్దెనిమిది చక్రాల లారీ. లోపల సరుకు. వెనకాల పోలీసులు. చిక్కకుండా తోలాలి, వేళకు చేర్చాలి. అట్ట మీద రాసిన మాట ఇది. 2003 నవంబరులో అమెరికాలో చవక గేముల అరల్లోకి వచ్చిన ఆ పెట్టె పేరు 'బిగ్ రిగ్స్: ఓవర్ ది రోడ్ రేసింగ్'. తయారుచేసింది కాలిఫోర్నియా కంపెనీ స్టెల్లార్ స్టోన్. అమ్మింది గేమ్‌మిల్. చవగ్గా వస్తే చేదా? జనం కొన్నారు.

ఇంటికి తెచ్చి కంప్యూటర్లో ఎక్కించారు. పోలీసులేరీ? లేరు. సరుకేదీ? లేదు. పోనీ, పందెమైనా ఉందా? పక్కన ఒక పోటీ లారీ నిలబడి ఉంది. పందెం మొదలైంది. మీరు కదిలారు. అది కదల్లేదు. మీరు ట్రాకంతా చుట్టి వచ్చినా అక్కడే ఉంది. టీ తాగడానికి దిగిన డ్రైవరు మళ్లీ ఎక్కడం మరిచిపోయినట్టు!

దారిలో ఇల్లు అడ్డమొస్తే భయపడకండి. లారీ గోడలోంచి దూరి అవతల తేలుతుంది, గోడకు గీత పడదు. వంతెన ఎక్కారా? దాంట్లోంచే కిందికి జారతారు. నిట్టనిలువు కొండ ఎదురైతే మరీ సుఖం. టన్నుల బరువున్న బండి ఒక్క మైలు వేగం తగ్గకుండా బల్లిలా పాకిపోతుంది. రోడ్డు వదిలి పోతూ ఉంటే కాసేపటికి ప్రపంచమే అయిపోతుంది. మిగిలేది బూడిదరంగు శూన్యం. అక్కడ ఎంతసేపు తిరిగినా అడిగే నాథుడు లేడు.

ఇక రివర్స్ గేరు. దీనికి మాత్రం దండం పెట్టాలి. వెనక్కి పోనిస్తూ ఉంటే వేగం పెరుగుతూనే ఉంటుంది. హద్దు పెట్టడం ఎవరికీ గుర్తు లేదు. గంటకు 1 తర్వాత 37 అంకెలు వేయాల్సినన్ని మైళ్ల దాకా వెళ్లి చూశారు ఓపికున్నవాళ్లు. కాంతి గంటకు సుమారు 67 కోట్ల మైళ్లు పోతుంది పాపం. ఈ లారీ ముందు అదెంత? ఐన్‌స్టీన్ గారు సైడివ్వాల్సిందే. అంత వేగంలోనూ మీట మీద వేలు తీస్తే చాలు, బండి ఠక్కున ఆగుతుంది. అలాంటి బ్రేకులు మన ఆర్టీసీ బస్సులకు ఎప్పుడొస్తాయో!

ట్రాకులు ఐదన్నారు. అందులో 'నైట్ రైడ్'ను ఎంచుకుంటే గేమే కుప్పకూలుతుంది. అంటే నాలుగే అనుకోండి. చివరికి గీత దాటారు. మూడు పిడుల కప్పు ఒకటి తెర మీదికొచ్చి 'యూ’ర్ విన్నర్' అంది. ఇంగ్లిష్ తెలిసినవాళ్లు మధ్యలో 'ఎ' ఏమైందని వెతుక్కున్నారు. అమెరికాలో అమ్మే సరుకులో, ఆటగాడు ఎదురుచూసే ఒక్క ముక్కనైనా అచ్చుకు ముందు ఎవరూ చదవలేదా? చదివే ఊసే ఉంటే పోటీ లారీ కదలడం లేదని కనిపించేది కాదూ?

గేమ్‌స్పాట్ సమీక్షల సైటు 10కి 1 ఇచ్చింది. అంతకంటే కిందికి ఆ కొలబద్దే లేదు. మెటాక్రిటిక్‌లో సమీక్షల సగటు 100కు 8. తర్వాత తప్పులు దిద్దే ప్యాచ్ ఒకటి వదిలారు. దాంతో పోటీ లారీకి ప్రాణమొచ్చింది. కదిలింది. కదిలి, గెలుపు గీతకు కాస్త ముందు ఆగిపోయింది, పెళ్లికొచ్చి పందిరి బయటే నిలబడ్డ చుట్టంలా.

'బడ్జెట్ గేమ్ కదా, ఇంతేలే' అనే పెద్దమనుషులుంటారు. బండి మీద పది రూపాయల ఇడ్లీ చిన్నదిగా ఉంటే ఎవడూ కొట్లాడడు. ఖాళీ ప్లేటు చేతికిచ్చి 'పది రూపాయలే కదన్నా' అంటే ఊరుకుంటారా? పైగా ఈ అంగట్లో తిరకాసొకటుంది. పెట్టె తెరిస్తేగానీ మోసం తెలియదు. తెరిచాక వాపసు తీసుకోవడం అమెరికా దుకాణాల్లో సాధారణంగా ఉండదు. అట్ట మీద కోతలు కోసినవాడికి ఈ సంగతి తెలియదంటారా?

ఈ గేమ్ క్రెడిట్లలో సెర్గీ టిటోవ్ అనే పేరుంది. 2012 డిసెంబరులో అదే పేరు 'ది వార్ జెడ్' అనే మరో గేమ్ మీద తేలింది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం పేజీలో రాసిన హంగులు కొన్ని గేమ్‌లో లేవు. గొడవైంది. స్టీమ్ అమ్మకం ఆపేసింది. అప్పుడు ఆయన చెప్పిన క్షమాపణ ఎవరికో తెలుసా? వివరాలు సరిగా చదువుకోని కొనుగోలుదార్లకు! అంటే తప్పు రాసినవాడిది కాదు, చదివినవాడిది. (తర్వాత బహిరంగ లేఖలో కాస్త తల వంచాడు. అది వేరే సంగతి.)

చవకవి ఇలా ఏడిస్తే ఖరీదైనవి ఏం ఉద్ధరించాయి? యూబీసాఫ్ట్ 2014లో 'ది క్రూ' అనే కారు పందేల గేమ్ తెచ్చింది. అమెరికా అంతా కారులో చుట్టొచ్చన్నారు. కానీ ఒంటరిగా ఆడాలన్నా కంపెనీ సర్వరు బతికుండాలి. 2024 మార్చి 31న ఆ సర్వరు ఆపేశారు. అంతే. డబ్బు పోసి కొన్నవాడి డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకునే బిళ్ల అయింది. కొన్న గేములను ఇలా చంపకండి మహాప్రభో అని యూరప్‌లో 2025 జులై నాటికి పది లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టాల్సి వచ్చింది. కొన్న వస్తువు తనదేనని చెప్పుకోడానికి సంతకాల సేకరణ!

ఆ 2003 నాటి చెత్త సీడీని ఇవాళ ఏ పాత కంప్యూటర్లో పెట్టినా లారీ లేస్తుంది. గోడల్లోంచి దూరుతుంది, కప్పు చూపిస్తుంది, తప్పుల ఇంగ్లిష్‌లో గెలిచావంటుంది. 'ది క్రూ' డిస్కు పెట్టి చూడండి. ఓడిపోయావని చెప్పడానికైనా యూబీసాఫ్ట్ వైపు ఎవరూ లేరు.