గోడ లేని గేటుకి సలాం

కువైట్ ఊరికి ఒకప్పుడు మట్టిగోడ ఉండేది. 1920లో శత్రువు మీదపడతాడన్న భయంతో ఊరంతా దిగి, నెలల్లో లేపిన గోడ అది. చమురు డబ్బులొచ్చాక 1957లో పడగొట్టేశారు. గేట్లు మాత్రం ఉంచారు. చుట్టూ గడ్డి పెంచారు.

మా వీధి పిన్ని పదకొండేళ్లు ఆ ఊళ్లో వంట చేసి ద్రాక్షారామం తిరిగొచ్చింది. ఆ గేట్ల సంగతి ఆవిడకి ఇప్పటికీ మింగుడు పడదు. "గేటుకి ఇటు నుంచీ పోవచ్చు, అటు నుంచీ పోవచ్చు. మరి గేటెందుకురా అబ్బాయ్ ఆళ్లకి?" అంటుంది. చదువుకున్నవాణ్ని కదా, "దాన్ని వారసత్వం అంటారు పిన్నీ" అన్నాను. "అంటే ఇళ్లన్నీ పడగొట్టేశాక మిగిలేదా?" అంది. ఇంతకంటే కురచగా చెప్పిన పండితుడెవరైనా ఉంటే చూపించండి, శాలువా నేను తెస్తాను.

అయినా ఒక్క కువైట్‌నే అనడం ధర్మం కాదు. దుబాయ్‌లో అల్ ఫహీదీ అని ఓ పాతపేట ఉంది. ఇరాన్ తీరం దాటి వచ్చిన బస్తక్ వర్తకులు గాలిబురుజులతో కట్టుకున్న ఇళ్లు. కరెంటు లేని రోజుల్లో ఆ బురుజే ఏసీ. అసలు ఏసీ వచ్చింది, ఆసాములు కొత్త బంగళాలకి వెళ్లిపోయారు. 1980ల్లో సగం పేట నేలమట్టమైంది. మిగతా సగం కూడా పోయేదే. ఆ ఇళ్లలో ఒకదానిలో కాపురమున్న రేనర్ ఓటర్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు ఊరుకోలేదు. బ్రిటిష్ యువరాజు చార్లెస్‌కి ఉత్తరం రాశాడు. ఆయన 1989లో వచ్చి చూసి బాగుందన్నాడు. అంతే, బాగున్నట్టు అందరికీ ఒక్కసారిగా కనబడింది! ఇప్పుడక్కడ గ్యాలరీలున్నాయి, మ్యూజియాలున్నాయి, కాఫీకి కూడా ఓ మ్యూజియం ఉంది. సాయంత్రం పొయ్యి వెలిగించే ఇల్లు మాత్రం వెతుక్కోవాలి.

మన హైదరాబాదు ఇంకాస్త ముందుచూపు గలది. పాతబస్తీ చుట్టూ నిజాముల కాలంలో పూర్తయిన గోడకి డజను పైచిలుకు దర్వాజాలుండేవి. దబీర్‌పురా, పురానాపూల్, ఈ రెండే మిగిలాయి. వాటి కింద నుంచి ఆటోలు పోతాయి. కనీసం ఆ గేట్లకి చేతినిండా పనుంది.

ఇక మా ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం రాత్రికి రాత్రి కోనసీమవాళ్లమైపోయాం. గౌతమి అవతల ఉన్నవాళ్లు మమ్మల్ని కోనసీమ కింద ఒప్పుకున్నారా అన్నది వేరే గొడవ. మాది గోడలో ఇమిడిన ఊరు కాదు. గోడ లోపల భీమేశ్వరుడుంటాడు, బయట మేముంటాం. తూర్పు చాళుక్య భీముడు కట్టించాడని చెప్పే గుడి. రెండు ప్రాకారాలు, రెండంతస్తుల గర్భాలయం. స్వామి ఎంత పొడవంటే అభిషేకం చెయ్యాలంటే పైఅంతస్తుకి ఎక్కాలి. వెలిగోడకి నాలుగు వాకిళ్లు. వాటికి గోగులమ్మ, నూకాంబిక, మండతల్లి, ఘట్టాంబిక కాపలా. అంటే మా దగ్గర గోడా ఉంది, గేట్లూ ఉన్నాయి, గేటుకొక అమ్మవారూ ఉంది. ఇన్ని ఉన్న ఊరిని బాగుచెయ్యకుండా వదులుతారా?

మొదట చట్టం వచ్చింది. 2010 సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన రెండొందల మీటర్లు అదుపులో. చట్టం మంచిదే. అది లేకపోతే గాలిగోపురం పక్కన ఈపాటికి నాలుగంతస్తుల లాడ్జి లేచి, స్వామివారికి బాల్కనీ దర్శనం అని బోర్డు పెట్టేది. కానీ ఆ వంద మీటర్లలో కాపురమున్నవాడి సంగతి చూడండి. పెంకుటింటి దూలం పుచ్చింది. బాగుచేసుకోవచ్చు, అనుమతితో. కాగితం ఎక్కడో మొదలై ఢిల్లీ దిశగా కాశీయాత్ర బయల్దేరుతుంది. వాన మాత్రం అనుమతి అడక్కుండా జ్యేష్ఠంలో వచ్చేస్తుంది. అదే వాకిలి ముందు నలభై అడుగుల ఫ్లెక్సీ కట్టాలనుకోండి, పూట చాలు. ఫ్లెక్సీకి పునాది ఉండదు కదండీ, కట్టడం కిందికి రాదు. మా ఊరి వారసత్వాన్ని నేను చాలాకాలంగా నాయకుల చెవుల మధ్య సందులోంచే చూస్తున్నాను.

పథకాలూ వచ్చాయి. 2015 జనవరిలో కేంద్రం 'హృదయ్' అని వారసత్వ నగరాల పథకం తెచ్చింది. పన్నెండు ఊళ్లు. పంచారామాల్లో అమరావతికి చోటు దక్కింది, మాకు దక్కలేదు. మేమేడవలేదు. 2019 మార్చిలో ఆ హృదయం ఆగిపోయింది కాబట్టి అసూయపడే అవసరమూ తప్పింది. కార్తీకంలో పంచారామాల బస్సులొస్తాయి. ఒక్క రోజులో ఐదుగురు శివుళ్లు. భక్తుడు దిగి, సప్తగోదావరి గుండాన్ని సెల్‌ఫోనుకి చూపించి, క్యూలో నిలబడి, మెట్లెక్కి, దిగి, బస్సు హారన్‌కి పరిగెడతాడు. సామర్లకోటలోనూ శివుడు నిలబడి ఎదురుచూస్తున్నాడుగా!

2027లో పుష్కరాలు. సుందరీకరణ అనే మాట ఊళ్లో వినబడితే పాతరాయి గుండెలో రాయి పడుతుంది. దాని అర్థం నిఘంటువులో ఏముందో గానీ, అమలులో సిమెంటు పూత, రంగు, పలకలు, ఆపైన 'ఐ లవ్' బోర్డు. ఓ కన్సల్టెంటు గారు లాప్‌టాప్ తెరిచి మా మాడవీధిని మొరాకోలోని ఫెజ్ చేస్తానంటాడు. ఫెజ్ మెదీనా గొప్పదే. 1981 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అయితే అక్కడ తోళ్లు నానబెట్టే తొట్లు ఇంకా కంపు కొడుతూనే ఉన్నాయనీ, ఊరు బతికుందన్నదానికి ఆ కంపే సాక్ష్యమనీ ఆయన స్లైడులో ఉండదు. కైరో గురించి అసలే చెప్పడు. అక్కడ ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు శతాబ్దాల చెత్తదిబ్బ మీద అల్ అజ్హర్ పార్కు వేసి 2005లో తెరిచారు. ఆ దిబ్బలోంచి కిలోమీటరున్నర పాత కోటగోడ బయటపడింది. దాన్ని ఆనుకున్న దర్బ్ అల్ అహ్మర్ పేటలో మనుషుల్ని పంపించకుండానే ఇళ్లు బాగుచేశారు, వడ్రంగులకి పని చూపించారు. ఇది స్లైడులో పెడితే ఫొటోలో మనుషులు పడతారు, దండెం మీద లుంగీ పడుతుంది. సుందరీకరణకి లుంగీ పనికిరాదు.

ఎంత దూరం పోతారండీ, మా గుడి స్తంభాలే చదువుకోవచ్చు. వందల శాసనాలున్నాయి. రాణులవీ, సేనాపతులవీ, వర్తకులవీ, గుడిసానులవీ. వీరగాథలు దొరుకుతాయని ఆశపడి చదివితే నిరాశే. చాలామటుకు దీపాల లెక్కలు. ఫలానా ఆమె అఖండ దీపం పెట్టింది, నేతికోసం ఇన్ని పశువులిచ్చింది, వాటిని ఫలానా బోయడు చేపట్టాడు, వాడూ వాడి పుత్రానుపౌత్రికమూ రోజుకి ఇంత కొలత నెయ్యి పొయ్యాలి. గమనించండి, దీపం పెట్టినవారి పేరుంది, దీపం నిలిపేవాడి పేరూ ఉంది. వెయ్యేళ్లనాటి మెయింటెనెన్స్ కాంట్రాక్టు, రాయి మీద! ఇప్పటి శిలాఫలకం చూడండి. ఆవిష్కరించినవారు, అధ్యక్షత వహించినవారు, సభను అలంకరించినవారు. రేపు కాలవ పూడితే ఎవడు తియ్యాలో ఒక్క అక్షరం లేదు.

ఈ మాట పిన్నితో అంటే ఆవిడ నవ్వింది. కువైట్‌లో రోజూ ఆ గేటు దగ్గర తుడిచేవాడు మన అమలాపురం కుర్రాడేనట. పేరు ఏ పలక మీదా లేదట.

అంచేత రాబోయే పుష్కరాలకి పనికొస్తుందని శిలాఫలకం నమూనా నేనే రాసిపెట్టాను. వాడుకోవచ్చు, రాయల్టీ అడగను.

స్వస్తిశ్రీ. శకవర్షంబులు 1949 అగునేంటి గోదావరీ పుష్కర సమయమున, శ్రీ భీమేశ్వర దేవర వీధికి ఫలానా శాఖవారు పెట్టిన ఎల్‌ఈడీ దీపములు నూటయెనిమిది. వీనికి కాపరి లేడు. బల్బు మాడెనేని చేయవలసిన ఫోను నంబరు మనుగడలో లేదు. పలకలు ఊడెనేని మరుసటి పుష్కరము దాక వేచియుండవలయు. ఈ ధర్మమును ఎవరు చూచుకొందురని అడిగినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోవువాడు.