బండి ప్లగ్గులో లో వోల్టేజీ: చంద్రగిరి దారిలో వినకూడని సలహాలు

ఊళ్ళో కరెంటు డిమ్ముగా వస్తే ఏం చేయాలో మన వైపు రైతుకు ఒకరు నేర్పనక్కర్లేదు. స్టెబిలైజర్ పెడతాడు, న్యూట్రల్ బిగిస్తాడు, ఎర్త్ గుంతలో నాలుగు బిందెల నీళ్ళు పోస్తాడు, అప్పటికీ కాకపోతే లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాడు. చిక్కల్లా ఎక్కడంటే, ఈ మందులే ఇప్పుడు బండ్లలో ఉండే 230 వోల్టుల ప్లగ్గులకూ వేస్తున్నారు. టెంపో ట్రావెలర్‌లోనో, మినీ బస్సులోనో సీటు కింద బిగించిన ప్లగ్గు చూడ్డానికి ఇంట్లో ప్లగ్గులాగే ఉంటుంది. దాని వెనకాల స్తంభమూ లేదు, ట్రాన్స్‌ఫార్మరూ లేదు. ఒక బ్యాటరీ, ఆ బ్యాటరీ కరెంటును 230 వోల్టుల ఏసీగా మార్చే ఒక ఇన్వర్టర్ డబ్బా, ఆ రెంటికీ మధ్య నాలుగైదు మీటర్ల వైరు, అంతే.

శ్రీనివాసమంగాపురం గుడి దగ్గరా, శ్రీవారి మెట్టు దగ్గరా, చంద్రగిరి కోట ముందూ యాత్రికుల బండ్లు ఆగినచోట ఈ ప్లగ్గుల గురించి సలహాలకు కొదవ లేదు. ఇచ్చేవాళ్ళు మంచి మనసుతోనే ఇస్తారు. అయినా వాటిలో చాలావరకు బండికి చేటు, కొన్నయితే మనిషి ప్రాణానికే చేటు. అలాంటివాటిని ఇక్కడ రాస్తున్నాను. దయచేసి పాటించకండి.

"మీటరు పెట్టి చూసినా కదన్నా, 180 కూడా లేదు. ఇన్వర్టర్ పోయిండాది, మార్చేయ్."

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తగలేసే సలహా ఇదే. మీటరు 180 చూపించడం నిజం. ప్లగ్గులో 180 మాత్రమే ఉందనుకోవడం తప్పు.

ఇంటికి వచ్చే కరెంటు అలలాగా మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. దాన్ని సైన్ వేవ్ అంటారు. చవక ఇన్వర్టర్లలో అలా ఉండదు. వోల్టేజీ ఒక్కసారిగా మెట్టెక్కి, కాసేపు అక్కడే నిలబడి, ఒక్కసారిగా సున్నాకు పడి, తర్వాత కింది వైపుకు అదే పని చేస్తుంది. డబ్బా మీద 'మాడిఫైడ్ సైన్ వేవ్' అని రాసి ఉండేది ఈ రకమే. ఇక చవక మీటరు సంగతి చూడండి. అది వోల్టేజీ సగటును కొలిచి, వచ్చేది సైన్ వేవే అనుకుని ఆ సగటును 1.11తో హెచ్చవేసి చూపిస్తుంది. ఇంటి కరెంటుకు ఆ లెక్క సరిపోతుంది. మెట్ల కరెంటుకు సరిపోదు. 325 వోల్టుల దాకా లేచి, సగం సేపు అక్కడే నిలబడి, మిగతా సగం సున్నాలో ఉండే కరెంటు అసలు బలం 230 వోల్టులే. సగటు మాత్రం 162. దాన్ని 1.11తో హెచ్చవేస్తే మీటరు మీద పడేది 180.   

ఇంకో విషయం చాలామందికి తెలియదు. వోల్టేజీని సరిచూసుకునే ఇన్వర్టర్లు బ్యాటరీ నీరసపడేకొద్దీ మెట్టు ఎత్తు తగ్గించి, నిలబడే సేపు పెంచుతాయి. అసలు బలం మారకుండానే చవక మీటరులో అంకె 180 నుంచి 200 దాటి పోతుంది. అంటే బ్యాటరీ దిగిపోతున్న కొద్దీ మీటరు ఎక్కువ చూపిస్తుందన్నమాట. ఆ అంకెను నమ్ముకుని వైద్యం చేస్తే రోగం ఎక్కడుందో ఎప్పటికీ దొరకదు. మీటరు మీద 'ట్రూ ఆర్‌ఎంఎస్' (అసలు బలాన్నే కొలిచే రకం) అని రాసి ఉంటేనే బండి ప్లగ్గులో పెట్టండి.

ఫోన్ మెల్లగా ఎక్కుతోంది కాబట్టి లో వోల్టేజీ అనేవాళ్ళూ ఉన్నారు. మీ ఛార్జర్ వెనక సన్నటి అక్షరాలు చదవండి, ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటుంది. 180 వచ్చినా, 230 వచ్చినా దానికి ఒకటే. తప్పు కేబుల్‌లోనో ఛార్జర్‌లోనో ఉంటుంది.

"ఒక వైరు బాడీకి పెట్టి చూస్తే 110 వస్తా ఉండాది. న్యూట్రల్ లేదు. బాడీకి కలిపేయ్, సరిపోతాది."

దీన్ని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఎంత అనుభవం ఉన్న మనిషి చెప్పినా సరే. ఇంట్లో న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నేలకు కలిపి ఉంచుతారు. బండి ఇన్వర్టర్లు చాలావాటిలో రెండు రంధ్రాల్లో ఏదీ నేలకు గానీ బాడీకి గానీ కలిసి ఉండదు. రెండూ తేలుతూ ఉంటాయి. అందుకే ఏ రంధ్రం నుంచి బాడీకి కొలిచినా దాదాపు సగమే కనిపిస్తుంది. అది జబ్బు కాదు, వాటి తయారీయే అంత. టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ మినుకుమినుకుమని వెలగడానికి కారణమూ ఇదే. పైగా టెస్టర్ వెలగాలంటే మన ఒంట్లోంచి నేలలోకి దారి కావాలి, రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండిలో ఆ దారే సరిగ్గా ఉండదు. అందుకని బండిలో టెస్టర్ మాట నమ్మకండి. కంపెనీ తేలుతూ వదిలిన వైరును మీరు బాడీకి కలిపితే ఇన్వర్టర్ కాలిపోవచ్చు. కాలకపోతే ఇంకా ప్రమాదం. అప్పటిదాకా ఒక వైరు తగిలి బాడీ పట్టుకున్న మనిషికి అంతగా తగలని షాక్, ఆ రోజు నుంచి పూర్తి 230తో తగులుతుంది.

"స్టెబిలైజర్ పెట్టు."

ప్లగ్గులో వోల్టేజీ నిజంగానే పడిపోతోందంటే కారణం 12 వోల్టుల వైపు ఉంది. స్టెబిలైజర్ వోల్టేజీ పెంచడానికి ఇన్వర్టర్ నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ వైరు నుంచి ఇంకా ఎక్కువ లాగుతుంది, ఆ వైరులో వోల్టేజీ ఇంకా పడిపోతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

"బ్యాటరీ పోయింది."

కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎంతోమంది అక్కడ పనిచేస్తున్నారు. అందుకేనేమో, మన దగ్గర బండికి ఏం వచ్చినా ముందు వేలు బ్యాటరీ వైపే చూపిస్తుంది. బ్యాటరీ నిజంగా పోయి ఉండొచ్చు. కానీ కొత్తది కొనే ముందు వైరు చూడండి. నా లెక్కలో పది బండ్లలో ఎక్కువ వాటికి జబ్బు అక్కడే.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ముందు నుంచి వెనక సీటు దాకా 5 మీటర్లు, తిరిగి రావడానికి మరో 5 మీటర్లు అనుకోండి. 150 వాట్ల సామాను పెడితే బ్యాటరీ వైపు సుమారు 14 ఆంపియర్లు పారుతాయి, దారిలోనే ఒక వోల్టు పోతుంది. మూడు నాలుగు వందల వాట్లు పెడితే 40 ఆంపియర్ల దాకా లాగుతుంది, 3 వోల్టులు పోతాయి. నిండా ఎక్కి 12.6 ఉన్న బ్యాటరీ కూడా ఇన్వర్టర్ దగ్గరికి చేరేసరికి 9.6 అవుతుంది. చాలా ఇన్వర్టర్లు పదిన్నర దగ్గరే కుయ్యోమని అరిచి ఆగిపోతాయి. అదే దారిలో 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అదే 40 ఆంపియర్లకు పోయేది అర వోల్టే.

పరీక్ష తేలికే. ప్లగ్గుకు ఏదైనా గట్టి లోడు పెట్టి, అది నడుస్తుండగానే మీటరును డీసీలో పెట్టండి. ముందు బ్యాటరీ కొమ్ముల మీద కొలవండి, తర్వాత ఇన్వర్టర్ డబ్బా దగ్గర 12 వోల్టుల టెర్మినళ్ళ మీద కొలవండి. బ్యాటరీ దగ్గర 12 పైన నిలబడి, డబ్బా దగ్గర పదిన్నర ఉంటే బ్యాటరీకి ఏమీ కాలేదు. నెగటివ్ వైరును సీటు కింద బాడీకి బోల్టు వేసి వదిలేస్తుంటారు. ఆ బోల్టు ఊడదీయండి. వాషరు కింద పెయింటు అలాగే ఉంటుంది, చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంటుంది, లగ్గు లోపల తీగలు సగం తెగి ఉంటాయి. ఎమరీ పేపరుతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు వేసి బిగిస్తే ఎన్నో బండ్లలో 'చచ్చిన' ప్లగ్గు లేచి కూర్చుంటుంది.

"ఫ్యూజు మాటిమాటికీ పోతా ఉంటే 30 ఆంపియర్లది ఏసేయ్."

ఫ్యూజు కాపాడేది వైరును. డ్యాష్‌బోర్డులో ఉండే సిగరెట్ లైటర్ సాకెట్‌కు కంపెనీ 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు వేసిందంటే ఆ వైరు తట్టుకోగలిగేది అంతే. 15 ఆంపియర్లంటే 12 వోల్టుల మీద 180 వాట్లు. దానికి ఇన్వర్టర్ తగిలించి, ఇన్వర్టర్‌కు 750 వాట్ల మిక్సీ తగిలిస్తే కావలసింది 70 ఆంపియర్లు. అక్కడ పెద్ద ఫ్యూజు వేశారంటే ఇక ఫ్యూజు బదులు డ్యాష్‌బోర్డు లోపలి వైరు కాలుతుంది. ఇరవై మంది నిద్రపోతున్న బండి అది.

"యాక్సిలరేటర్ తొక్కి పట్టుకో సామీ."

ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది, మంచిదే. కానీ 230 వోల్టులు తయారు చేసేది ఇన్వర్టర్. ఇంజిన్‌ను అరిపించినంత మాత్రాన అది 250 ఇవ్వదు. డీజిల్ దండగ. ఇంతకంటే చెడ్డ అలవాటు ఇంకోటుంది. శ్రీవారి మెట్టు కింద బండి ఆపి, యాత్రికులు 2,388 మెట్లెక్కి దర్శనానికి పోతే, డ్రైవరు అద్దాలు మూసుకుని ఇంజిన్ ఆన్‌లో పెట్టి పడుకుంటాడు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అన్నా, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంజిన్ ఆపేయండి, ప్లగ్గులో ఏమీ పెట్టకండి. ఇంజిన్ ఆపి ప్లగ్గు వాడినా చిక్కే. 65 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద 14 ఆంపియర్లు లాగితే రెండు గంటలు దాటేసరికి సగం ఖాళీ. స్టార్టింగ్ బ్యాటరీని అంతకంటే దించితే దాని ఆయుష్షే తగ్గుతుంది.

"పెద్ద బస్సు కదా, రెండు బ్యాటరీల్లో ఒకదానికి తగిలించు, 12 వస్తాది."

వస్తుంది. ఆ ఒక్క బ్యాటరీయే రోజూ ఖాళీ అవుతుంది. ఆల్టర్నేటర్ మాత్రం రెంటినీ కలిపి 24గానే ఛార్జ్ చేస్తుంది. ఒకటి ఆకలితో చస్తుంది, రెండోది అతిగా ఎక్కి నీళ్ళు మరిగిపోతుంది. త్వరలోనే రెండూ పోతాయి. 24 వోల్టుల ఇన్వర్టర్ కొనండి, లేదంటే మధ్యలో 24ను 12 చేసే కన్వర్టర్ పెట్టండి.

కరెంటు కార్ల సంగతి వేరు. 2023 జనవరిలో మన దేశంలోకి వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5 లాంటివి పెద్ద బ్యాటరీ నుంచే 3.6 కిలోవాట్ల దాకా ఏసీ ఇస్తాయి. వాటికి పైన చెప్పిన 12 వోల్టుల వైద్యం ఏదీ పనికిరాదు. నారింజ రంగు కేబుల్ కనబడితే చేయి పెట్టకండి. కంపెనీ సర్వీసుకు తీసుకెళ్ళండి.

"నెబ్యులైజర్ కదా, చిన్నదే, పెట్టుకోండమ్మా."

పీలేరు వైపు నుంచి భాకరాపేట ఘాట్ దిగి వస్తుంటే దారిలో పిల్లాడికి ఆయాసం వస్తుంది. తల్లి బండి ప్లగ్గులో నెబ్యులైజర్ పెడుతుంది. లోపల మోటారు ఉన్న నెబ్యులైజర్ మెట్ల కరెంటు మీద గురగురమంటుంది, వేడెక్కుతుంది, మందు పొగ సరిగ్గా రాదు. సరిగ్గా అవసరమైనప్పుడే ఇన్వర్టర్ అరిచి ఆగిపోతుంది. పెద్దవాళ్ళకు ఇంట్లో వాడే ఆక్సిజన్ కాన్సెంట్రేటర్‌కు సుమారు 300 వాట్లు కావాలి, అది చాలా బండి ప్లగ్గుల వల్ల కాదు. ఉబ్బసం ఉన్న పిల్లలతో తిరుమలకు బయల్దేరేవాళ్ళు బ్యాటరీతో నడిచే మెష్ నెబ్యులైజర్ కొనుక్కోండి, దాని ఛార్జింగ్ ఇంట్లోనే నింపుకోండి. డాక్టరు రాసి ఉంటే ఇన్‌హేలరూ స్పేసరూ చేతి సంచిలో, పైనే పెట్టుకోండి. బండి మాట్లాడుకునేటప్పుడు ప్లగ్గు ఉందా అని అడిగి ఊరుకోకండి. అది ఎన్ని వాట్లు ఇస్తుంది, ప్యూర్ సైన్ వేవా కాదా, బండి ఆగి ఉన్నప్పుడు పనిచేస్తుందా అని అడగండి. డ్రైవరుకు తెలియకపోతే డబ్బా మీద రాసింది ఫోటో తీసి పంపమనండి.