మెడ పట్టి ఇంటికి తెచ్చుకున్నారు

మెడ పట్టి బయటికి గెంటారన్న మాట మీరంతా వినే ఉంటారు. నన్ను మాత్రం మెడ పట్టుకునే ఇంటికి తెచ్చుకున్నారు. నేనొక గిటారును. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ పక్క వీధిలో, బోటు మీద పనిచేసే ఒక కలాసీ ఇంట్లో, మంచం పక్కన స్టాండు మీద ఉంటాను. ఇంకా తెల్లారకముందే జెట్టీ మీద వేలంపాట మొదలవుతుంది. ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, మర బోట్ల ఇంజిన్ల దడదడ, తట్టలెత్తుకున్న ఆడవాళ్ళ కేకలు కిటికీలోంచి లోపలికి వస్తాయి. ఆ చప్పుళ్ళకు నా పొట్టలో గాలి కూడా సన్నగా అదురుతుంది. ఈ ఇంటికి నేనెలా వచ్చానో, నన్ను ఎంచుకున్న చెయ్యి నా మెడలో ఏం వెతికిందో చెప్పాలని ఉంది. గిటారు కొనబోయే పిల్లలకు అది పనికొస్తుంది.

ముందు మా వంశం సంగతి. మమ్మల్ని సెమీ హాలో అంటారు, అంటే సగం డొల్ల. మా మూలపురుషుడు 1958లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ ఊళ్ళో, గిబ్సన్ కంపెనీలో పుట్టాడు. పేరు ఈఎస్-335. అప్పటికి ఎలక్ట్రిక్ గిటార్లలో రెండు తెగలుండేవి. పూర్తి డొల్లవి నిండుగా, తీయగా పలికేవి. కానీ స్పీకరు హోరు పెంచితే ఆ హోరే వెనక్కొచ్చి వాటి పొట్టలో దూరి కూత పెట్టేది. గట్టి చెక్కవాటికి ఆ బాధ లేదు, అయితే ఆ గాలి తీపీ లేదు. టెడ్ మెకార్టీ ఆ కంపెనీకి పెద్దగా ఉన్న రోజుల్లో ఈ రెంటికీ సంధి కుదిరింది. డొల్ల ఒంటి నడిమధ్య పొడవునా ఒక మేపుల్ దిమ్మను నిలిపి, ఇరుపక్కలా గాలికి చోటు వదిలి, పైన ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు కోశారు. అలా కూత తగ్గింది, తీపి నిలిచింది.

నేను ఆ తర్వాత చాలా ఏళ్ళకు దక్షిణ కొరియాలో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఒళ్ళు పండిన చెర్రీ రంగు. ఎవరు చూసినా ముందు ఆ రంగే చూస్తారు, తర్వాత ఎఫ్ రంధ్రాల్లోకి తొంగి చూస్తారు. నా మొదటి యజమాని అలాగే చూశాడు. పేటిక తెరవగానే మురిసిపోయాడు, ఫొటోలు తీసుకున్నాడు. కానీ నా మెడ అతని చేతికి నప్పలేదు. అరచెయ్యి చిన్నది, వేళ్ళు పొట్టివి. నా మెడ లావు. ఒకే వేలితో తీగలన్నీ అదిమే ఎఫ్ బార్ పట్టిన ప్రతిసారీ అతని మణికట్టు వంకర తిరిగేది. నెల తిరిగేసరికి వాయించడం తగ్గింది, ఏడాదికి పేటిక మూత తెరవడమే మానేశాడు. తనకు సంగీతం రాదనుకున్నాడు పాపం. రానిది సంగీతం కాదు, నా మెడ అతని దారికి రాలేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. చివరికి డాబాగార్డెన్స్ వైపు ఒక దుకాణంలో పాత వస్తువుగా గోడకు వేలాడాను.

ఆ ఏడు రొయ్య బాగా పడింది. వేట నుంచి వచ్చిన ఒక కుర్రాడు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. ఆదివారం ప్రార్థనలో అరువు గిటారు మీద వాయించడం నేర్చుకున్నవాడు. వాళ్ళమ్మ హార్బర్‌లో చేపలు కొని వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. కుర్రాడి కళ్ళు గోడ మీది రంగుల వెంట తిరుగుతుంటే ఆమె వెనక నుంచి అంది: "రంగు సూసి సేప కొంతామేట్రా? మొప్ప ఎత్తి సూడమా, ఏలెట్టి నొక్కి సూడమా? ఇదీ అంతే. ముందు సెయ్యెట్టి సూడు."

గిటారు గురించి అంత సరైన మాట నేను మరెవరి నోటా వినలేదు.

దుకాణదారు మంచివాడే. "ఇప్పుడందరూ సన్న మెడే అడుగుతున్నారు తమ్ముడూ, వేళ్ళు వేగంగా పోతాయి" అని ఒక సన్న మెడ గిటారు చేతికిచ్చాడు. కుర్రాడు కూర్చుని మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు హాయిగా సాగింది. పది నిమిషాలకు బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టి చెయ్యి విదిలించాడు. తాళ్ళు లాగి లాగి బిగిసిన చెయ్యి అది. సన్నటి మెడను పట్టాలంటే ఆ చెయ్యి ఇంకా ముడుచుకోవాలి, ఇంకా బిగియాలి. అప్పుడు నన్ను దించారు. నా మెడ మొదటి మెట్టు దగ్గర ఇంచుమించు 23 మిల్లీమీటర్ల మందం, పన్నెండో మెట్టు దగ్గర 25. వెనక గుండ్రంగా, సి అక్షరంలా ఉంటుంది. అతని అరచేతి గుంటలో అది నిండుగా కూర్చుంది. వేళ్ళు సగం తెరుచుకుని ఊపిరి పీల్చుకున్నాయి. మొదటి యజమానిని వేధించిన లావే ఇతనికి ఆసరా అయింది. మెడలో మంచిది, చెడ్డది అని లేదు. చేతికి తగిన మెడ, తగని మెడ అనే రెండే ఉన్నాయి.

అంకెలు వద్దనను. మా వంశంలోనే 1958 నాటి మెడలు నిండుగా ఉండేవి, 1960 నాటికి బాగా పలచబడ్డాయి. తల దగ్గర తీగలు ఆనే నట్ వెడల్పు సుమారు 43 మిల్లీమీటర్లుండేది, 1965లో దాన్ని 40కి దించారు. ఒకే పేరు, ఒకే రూపు, మెడలు మాత్రం వేరు వేరు. అందుకే పేరు చూసి కొంటే మోసపోతారు. పైగా రెండు మెడల మందం ఒకటే అయినా భుజాలు వేరుగా ఉండొచ్చు. మెట్ల పలక అంచు నుంచి వీపు దాకా దిగే వంపునే భుజం అంటున్నాను. ఒకదానికి ఆ వంపు జారుగా ఉంటుంది, ఇంకొకదానికి ఉబ్బెత్తుగా ఉంటుంది. కొలబద్దకు రెండూ సమానమే. చేతికి మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది.

కుర్రాడు తొందరపడలేదు. ముందు నన్ను ప్లగ్ పెట్టకుండానే వాయించాడు. పొట్టలో గాలి ఉంది కనుక మేము కరెంటు లేకుండా కూడా కొంత పలుకుతాం. ఆ అదురు మెడ వెంట అరచేతిలోకి పాకుతుంది. తర్వాత కళ్ళు మూసుకుని మొదటి మెట్టు దగ్గర బార్ పట్టాడు, అక్కడి నుంచి పన్నెండో మెట్టుకు జరిగాడు, ఇంకా కిందికి వెళ్ళాడు. మా వంశంలో మెడ ఒంటితో కలిసేది పంతొమ్మిదో మెట్టు దగ్గర కాబట్టి చెయ్యి దాదాపు చివరిదాకా అడ్డం లేకుండా పోతుంది. మెట్ల పలక అంచు వెంట వేలు పైనుంచి కిందికి జార్చి, మెట్ల కొనలు గుచ్చుకుంటున్నాయేమో చూశాడు. పొడి గాలిలో చెక్క ముడుచుకుంటే లోహపు కొనలు బయటికి పొడుచుకొస్తాయి.

కూర్చుని చూసింది చాలదని లేచి నిలబడ్డాడు. బెల్టు తగిలించుకుని ఎడమ చెయ్యి పూర్తిగా వదిలేశాడు. ఈ పరీక్ష మా జాతికి తప్పనిసరి. మా ఒళ్ళు వెడల్పు, సుమారు 16 అంగుళాలు, కానీ లోపల డొల్ల. ఒళ్ళు మరీ తేలికై తల బరువైతే మెడ నేలవైపు వాలిపోతుంది. అప్పుడు ఎడమ చెయ్యి మెడను మోస్తూ వాయించాలి. మోసే చెయ్యి పాడలేదు. నా నడిమి దిమ్మ పుణ్యమా అని నా తల వాలకుండా నిలిచింది. ఇంకొకటి కూడా గమనించాడు. ఒళ్ళు వెడల్పు కావడంతో ఒళ్ళో పెట్టుకున్నప్పుడు మొదటి మెట్టు కాస్త దూరంగా తోస్తుంది. తీగ పొడవు 628 మిల్లీమీటర్లు, ఫెండర్ కంపెనీ గిటార్లలో చాలావాటికి 648. అందువల్ల మెట్లు కొంచెం దగ్గరగా, తీగలు కొంచెం మెత్తగా ఉంటాయి. మెట్ల ఆ దగ్గరితనం ఈ దూరాన్ని సర్దేసింది.

అప్పుడతను అడిగిన మాటకు దుకాణదారు ఆశ్చర్యపోయాడు. "అన్నా, ఏసీ ఒకసారి ఆపుతారా?"

ఏసీ గదిలో ఆరిన చేతికి ఏ మెడైనా జారుతుంది. విశాఖ ఉక్కలో, హార్బర్ ఇంట్లో, చెమట చేతితో వాయించేవాడు చెమట చేతితోనే పరీక్షించాలి. పది నిమిషాలకు అతని అరచెయ్యి తడిసింది. నా మెడ వెనకున్న అద్దంలాంటి పాలిష్‌కు బొటనవేలు అతుక్కోసాగింది. అది నా లోపమే, ఒప్పుకుంటున్నాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, దీన్ని సరిచేయొచ్చా అని అడిగాడు. సన్నటి ఉప్పుకాగితంతో మెరుపు తగ్గిస్తే వేలు జారుతుందని దుకాణదారు చెప్పాడు. తీగలు కొంచెం ఎత్తుగా ఉన్నాయి. దానికీ బ్రిడ్జి దించితే సరిపోతుంది. మొదటి మెట్టునూ, ఒంటి దగ్గరి మెట్టునూ ఒకేసారి నొక్కి ఏడో మెట్టు దగ్గర సందు చూశారు. పలచటి కాగితం దూరేంత ఉండాల్సిన చోట ఇంకాస్త ఎక్కువ ఉంది. మెడ వంపును సర్దే లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను కొద్దిగా తిప్పితే అదీ కుదురుకుంది.

ఇక్కడే కొనేవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. తీగల ఎత్తు, మెడ వంపు, పాలిష్, ఇవన్నీ మార్చుకోదగ్గవి. మెడ వెడల్పు, మందం, భుజం పుట్టుకతో వచ్చినవి. తీగలు ఎత్తుగా ఉన్నాయని మంచి మెడను వదిలేసేవాళ్ళున్నారు. తీగలు మెత్తగా అమర్చారని తగని మెడను కొని ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళూ ఉన్నారు. ఈ సూత్రం మన నేలకు కొత్తదేమీ కాదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగతో వీణ చేసేవారిని అడగండి. కుండ, దండి అనే మెడ, తల ఒకే దుంగలో మలుస్తారు. 24 మెట్లను మైనంలో నిలిపి మేళం కడతారు. మైనం అరిగితే మళ్ళీ మేళం కట్టుకోవచ్చు. దండి మాత్రం మలిచినప్పుడే కుదరాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కూడా పరాయి వాద్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. జంట తీగల చోట ఒంటి తీగలు కట్టి, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మలుచుకుని కర్ణాటక సంగీతం పలికించాడు. మార్చగలిగింది మార్చుకోవాలి, మార్చలేనిది ముందే చూసుకోవాలి.

అలా నేను హార్బర్ చేరాను. ఉప్పుగాలి నా తీగలకు శత్రువు. అందుకే వాయించిన ప్రతిసారీ అతను పొడి గుడ్డతో తుడుస్తాడు. వేటకు వెళితే పది పదిహేను రోజులు రాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం ఉన్న 61 రోజులూ మాత్రం నేను అతని చేతిలోనే ఉంటాను. ఆదాయం లేని ఆ రోజుల్లో వలలు బాగుచేసుకోవడం, నన్ను వాయించుకోవడం, ఇవే అతని పనులు.

2023 నవంబరు 19 రాత్రి సంగతి చెప్పకపోతే నా కథ పూర్తికాదు. హార్బర్‌లో మంటలు లేచాయి. డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు ఉన్న బోట్లు ఒకదానికొకటి ఆనుకుని కట్టి ఉన్నాయి. కిటికీ అంతా ఎర్రబడింది, పేలుళ్ళకు నా తీగలు వాటంతటవే మోగాయి. మా జాతికి మరో నిప్పు కథ ఉంది. 1949 చలికాలంలో అర్కాన్సా రాష్ట్రంలోని ట్విస్ట్ అనే ఊళ్ళో, నాట్యశాల తగలబడుతుంటే బ్లూస్ కళాకారుడు బీబీ కింగ్ తన గిటారు కోసం మంటల్లోకి తిరిగి పరిగెత్తాడు. ఇద్దరు మగవాళ్ళు పోట్లాడుకోవడం వల్ల ఆ నిప్పు అంటుకుంది. వాళ్ళు ఎవరి కోసం కొట్టుకున్నారో ఆ స్త్రీ పేరు లూసిల్. మళ్ళీ అలాంటి తెలివితక్కువ పని చేయకూడదని గుర్తుండటానికి తన గిటార్లన్నిటికీ అదే పేరు పెట్టుకున్నాడు. పేరుపొందిన ఆ లూసిల్ గిటార్లు మా జాతివే. మా ఇంటివాడు మాత్రం ఆ నవంబరు రాత్రి నా వైపు కూడా చూడకుండా జెట్టీకి పరిగెత్తాడు. ఇంకా అంటుకోని బోట్లను తాళ్ళతో దూరం లాగే వాళ్ళతో కలిశాడు. అతను సరైన పనే చేశాడు. ఆ రాత్రి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. అతను పనిచేసే బోటు బతికింది, పొరుగువాళ్ళది బతకలేదు.

మర్నాడు అతను వచ్చేసరికి రెండు అరచేతులూ ఒలిచిపోయి ఉన్నాయి. వారాల తరబడి నన్ను ముట్టలేదు. మానిన చర్మం గట్టిపడింది, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. మొదటిసారి నన్ను ఒళ్ళోకి తీసుకున్న రోజు అతనికి భయం వేసింది, నాకూ వేసింది. ముడుచుకోని ఆ చేతిలో నా లావు మెడ ఎప్పటిలాగే నిండుగా కూర్చుంది. సన్న మెడ అయి ఉంటే ఆ వేళ్ళు దాన్ని పట్టగలిగేవి కావు. వాళ్ళమ్మ గుమ్మంలో తట్ట దించి, పలికిన తొలి స్వరం విని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

గిటారు కొనబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నా మాట వినండి. ఎవరి చెయ్యో మెచ్చిన మెడ మీ చేతికి నప్పాలని లేదు. దుకాణంలో కనీసం ఇరవై నిమిషాలు కూర్చుని వాయించండి, నిలబడి వాయించండి, చెమట పట్టాక వాయించండి. నొప్పి పుడితే రంగు ఎంత బాగున్నా, పేరు ఎంత గొప్పదైనా వదిలేయండి. ఇరవై నిమిషాల తర్వాత చేతిలో మెడ ఉందన్న సంగతే మరిచిపోయి పాట ఒక్కటే వినిపిస్తుంటే, ఆ గిటారు మీది. దాన్ని మెడ పట్టుకుని ఇంటికి తెచ్చుకోండి.