పండగ పూట పక్షి

మా బావకి పక్షుల పిచ్చి. ఎక్కడ కొత్త పక్షి కనబడినా జాబితాలోకి ఎక్కించాల్సిందే. అలాగని ఇష్టమొచ్చినట్టు రాసుకోవడానికి లేదట. పక్షి ప్రాణంతో ఉండాలి, ఎవరి చెరలోనూ ఉండకూడదు. అమెరికా పక్షివీక్షకులకి అది శాసనం.

2017 జనవరి 12, గురువారం. శాన్‌ఫ్రాన్సిస్కోకి దిగువన, హాఫ్ మూన్ బే రేవులో రాస్ గల్ వాలిందని కబురొచ్చింది. సైబీరియా ఉత్తరాన చిత్తడి నేలల్లో గుడ్లు పెట్టి, చలికాలం సముద్రపు మంచు అంచున గడిపే పక్షి అది. పావురమంత ఒళ్లు, రొమ్మున లేత గులాబీ ఛాయ. అంతకుముందు కాలిఫోర్నియాలో నమోదైంది ఒక్కసారే, 2006లో. అదీ ఎడారి మధ్య సాల్టన్ సీ దగ్గర! అక్కడ దానికేం పనో.

గురువారం ఆఫీసు, శుక్రవారం మీటింగులు. బావ గిలగిల్లాడిపోయాడు. శనివారం తెల్లవారగానే, సంక్రాంతి అని కూడా చూడకుండా, తలంటు మానేసి కారు తీశాడు. భోజనం వేళకి పట్టుకొచ్చే పూచీ నాదంటూ అక్క నన్ను వెంట తోలింది.

రేవు దగ్గర టెలిస్కోపులు బారులు తీరి ఉన్నాయి. బావ బైనాక్యులర్స్ ఎత్తేలోపే జనం కెవ్వుమన్నారు. పెరిగ్రిన్ డేగలు రెండు మీద పడ్డాయి. ఒకటి గల్‌ని తన్నుకుపోయింది. బావకి దక్కిన దర్శనం అదే, డేగ గోళ్ల మధ్య.

మా పక్కనున్న ముసలావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. డీడీటీ పుణ్యమా అని గుడ్ల పెంకులు పలచబడి, 1970లో కాలిఫోర్నియా అంతా గాలిస్తే గూడు కట్టిన డేగల జంటలు రెండే దొరికాయట. వయసులో ఉండగా ఆ గూళ్లకి కాపలా కాసినవాళ్లలో తనూ ఉందట. "నేను బతికించిన జాతే దీన్ని చంపింది" అని ఆవిడ అంటుంటే నాకూ కళ్లు చెమర్చాయి.

బావ మొహం చూడలేకపోయాను. "పోనీలే బావా, దాని ఆయువు అంతే" అన్నాను.

"అది కాదురా. గోళ్లలో ఉన్నప్పుడు రెక్క కొట్టుకుందా?"

"కొట్టుకుంది, పాపం."

"అంటే ప్రాణం ఉన్నట్టే!" బావ మొహం వెలిగింది. అంతలోనే వాడిపోయింది. "కానీ డేగ చేతిలో ఉందే... చెర కిందికి వస్తుందా?"

అదే మాట ఇంగ్లీషులో పైకి అనేశాడు. అంతమంది ఏడుపులో ఇదేం ప్రశ్న అని నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ముసలావిడ ముక్కు చీదుకుని, బావ భుజం తట్టింది.

"మనిషి పట్టుకుంటేనే చెర, నాయనా. డేగ పట్టుకుంటే లెక్కే. నేనూ ఇప్పుడే రాసుకున్నాను."